బ్యాంకుతో పాటు పుట్టిన తపాలా

1695లో స్కాట్లాండ్ పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. ఒకదానితో బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్, మరొకదానితో ఎడిన్‌బరోలో జనరల్ పోస్టాఫీసు ఏర్పడ్డాయి. డబ్బును, మాటను భద్రంగా చేరవేసే రెండు వ్యవస్థలకు ఒకే ఏడాది చట్టం అండ దొరికింది.

అంతకు ముందు తపాలా ఎక్కువగా పాలకుల అవసరమే. 1590లలో అబర్డీన్ నగర పాలకులు తమ ఉత్తరాలు మోయడానికి ప్రత్యేకంగా ఒక మనిషిని నియమించుకున్నారు. నీలిరంగు దుస్తులు, కుడి చేతిపై వెండితో కుట్టిన నగర చిహ్నం అతని గుర్తులు. 1603లో స్కాట్లాండ్ రాజు ఆరవ జేమ్స్ ఇంగ్లండుకూ రాజు కావడంతో ఎడిన్‌బరో - లండన్ దారి రాచకార్యాలకు కీలకమైంది. 1635లో మొదటి చార్లెస్ రాజు ఈ తపాలాను ప్రజలకూ తెరిచాడు. రానూపోనూ ప్రయాణం ఆరు రోజుల్లో ముగియాలని నిర్ణయించారు.

1695 చట్టం ప్రకారం ఒక్క కాగితం ఉత్తరానికి 50 మైళ్ల లోపు 2 స్కాట్స్ షిల్లింగులు, 100 మైళ్ల వరకు 3, ఆపైన 4 చెల్లించాలి. ఒక స్కాట్స్ షిల్లింగు ఒక ఇంగ్లీషు పెన్నీతో సమానం. ఈ రుసుము సాధారణంగా ఉత్తరం అందుకున్నవారే కట్టేవారు.

చట్టం వచ్చినంత మాత్రాన సేవ జనానికి చేరదు. 1696లో బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ గ్లాస్గో, అబర్డీన్, డండీ, మాంట్రోజ్‌లలో శాఖలు తెరిచింది. వాటిని నడిపే ఖర్చు లాభాన్ని మించడంతో కొద్దికాలానికే మూసేసి, నగదును గుర్రాలపై వెనక్కి తెప్పించుకుంది. తపాలా ఎదుగుదలా నెమ్మదిగానే సాగింది. 1740లలో ఒకరోజు లండన్ నుంచి ఎడిన్‌బరోకు వచ్చిన సంచిలో ఒకే ఒక్క ఉత్తరం ఉందని చెబుతారు. అది తర్వాతి కాలంలో బ్యాంకుగా మారిన బ్రిటిష్ లినెన్ కంపెనీకి వచ్చిందట!

నగరంలో తపాలాను ఇంటి గుమ్మం వరకు తెచ్చినవాడు పీటర్ విలియమ్సన్. చిన్నతనంలో అబర్డీన్‌లో అపహరణకు గురై, అమెరికాలో అమ్ముడుపోయి, ఎన్నో కష్టాలు పడి తిరిగి వచ్చినవాడు. ఎడిన్‌బరోలో కాఫీ హౌస్ నడుపుతూ, 1773లో ఆ నగరపు తొలి చిరునామాల డైరెక్టరీ ప్రచురించాడు. ఆ రోజుల్లోనే పెన్నీ పోస్టు మొదలుపెట్టాడు. ఉత్తరాలు తీసుకునే పని నగరంలోని దుకాణదారులకు అప్పగించాడు. నగర కేంద్రం నుంచి మైలు దూరం లోపు ఎక్కడికైనా ఒక పెన్నీకే బట్వాడా, అదీ గంటగంటకూ! 1793లో ప్రభుత్వ తపాలా శాఖ ఈ సేవను తన చేతిలోకి తీసుకుని, అతనికి ఏటా 25 పౌండ్ల పింఛను ఇచ్చింది.

అందుబాటు ధర, సరైన చిరునామా, పక్క వీధిలోనే ఒక దుకాణం. విలియమ్సన్ విజయానికి ఈ మూడే ఆధారం. నేడు శాఖ లేని ఊళ్లో బ్యాంక్ మిత్ర చేస్తున్న పని చూస్తే, ఆ దుకాణదారులు మనకు కొత్తవారిలా అనిపించరు.