మిగులు కొద్ది, పనులు పెక్కు – ఏది ముందు?

పాల సంఘాల పాలకవర్గ సమావేశాలలో తరచు వినిపించే మాట ఒకటుంది: "డబ్బు చూస్తే కొంచెం, పనులు చూస్తే బోలెడు." ఒకరు సంఘానికి సొంత గది కావాలంటారు. ఒకరు కొత్త క్యాన్లు కొనాలంటారు. మరొకరు దాణా నిల్వ చేయాలంటారు. చివరకు గట్టిగా మాట్లాడినవారి పనే ముందు జరుగుతుంది. ఇది సరైన పద్ధతి కాదు.

ప్రతి పనికీ మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

1. ఆలస్యమైతే కలిగే నష్టం తర్వాత పూడుతుందా?
2. మేలు సభ్యులందరికీనా, కొందరికేనా?
3. దీనికి డబ్బే కావాలా, మనుషుల శ్రమ చాలునా?

ఉదాహరణకు గొంతువాపు టీకా తీసుకుందాం. ఈ వ్యాధి వానాకాలంలో ఎక్కువ. గేదెలకు సోకితే ఒకటి రెండు రోజులలోనే ప్రాణం తీయవచ్చు. టీకా వేసిన వెంటనే రక్షణ రాదు, రెండు మూడు వారాలు పడుతుంది. కనుక తొలకరికి ముందే వేయించాలి. దీనికి సంఘం మిగులు పెద్దగా కరగదు. పశువైద్యునితో తేదీ ఖాయపరచి, ముందురోజు దండోరా వేయించి, పశువులను ఒకచోటికి తోలించాలి, అంతే.

నేను తనిఖీ చేసిన ఒక సంఘంలో మే నెల సమావేశాలన్నీ గది స్థలం తగాదాతోనే గడిచాయి. టీకా తేదీ వాయిదా పడింది. వానలు మొదలైన పది రోజులలో రెండు పాడి గేదెలు చనిపోయాయి. అందులో ఒక గేదె యజమానికి అదొక్కటే జీవనాధారం. మరుసటి ఏడు గది కట్టుకున్నారు. గేదె మాత్రం తిరిగి రాలేదు.

టీకా తరువాత చూడవలసినది వెన్న పరీక్ష. 7 శాతం వెన్న ఉన్న పాలను 6.5గా లెక్కిస్తే పది కిలోల పాలకు 50 గ్రాముల వెన్న ధర సభ్యుడు పోగొట్టుకుంటాడు. ఇది పూటపూటా జరిగే నష్టం. నమ్మకం పోయిన సభ్యుడు పాలు వేరేచోట పోస్తాడు. కావున పరీక్ష సామగ్రి మరమ్మతుకు మిగులులో మొదటి వాటా ఇవ్వాలి. తరువాత క్యాన్లు, ఆ తరువాత దాణా. గది ఒక ఏడు ఆగినా పాలు ఆగవు.

ఈ వరుసను మినిట్సు పుస్తకంలో రాసి, ప్రతి పనికీ తేదీ, బాధ్యుని పేరు చేర్చండి. తదుపరి సమావేశంలో ముందుగా దానినే చదవండి.