కానుకల పళ్లెమును కతోలిక పత్రికలును

ఆదివారపు పూజాసమయమున విచారణ దేవాలయములో కానుకల పళ్లెము తిరుగును. బీదల కొఱకని, అనాథబాలుర కొఱకని, దేవాలయపు పైకప్పు కొఱకని అడిగినపుడు భక్తుడు వెనుదీయడు. పత్రిక కొఱకో, రేడియో కొఱకో యడిగినపుడు మాత్రము వాని చేయి సంచికడ నాగిపోవును. ఆకలి తీర్చని పనికి కానుక యేల యని వాని శంక. ఇది కతోలికులకే చెందిన దోషము కాదు. చందా కాలము గడచిన పిమ్మట పత్రికా కార్యాలయమునుండి పోవు జాబులకు మన తెలుగు పాఠకులు ప్రత్యుత్తరమిచ్చు తీరు నెఱిగినవారి కీ సంగతి విశదీకరింపబనిలేదు.

ఈ కానుక యే యొక్క గురువు చిత్తమునబుట్టినదియు గాదు. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4వ తేదీన ప్రకటించిన ‘ఇంతెర్ మిరిఫికా’ యను శాసనమున దీనికి మూలము గలదు. ప్రతి మేత్రాసనమునందును, అనగా ఒక్కొక్క పీఠాధిపతి పాలనలోని ప్రాంతమునందును, ఏటేట నొకదినమున పత్రిక, రేడియో, చలనచిత్రాదుల విషయమై భక్తులకు బోధింపవలెననియు, వారు ప్రార్థించి ధనసాహాయ్యము చేయవలెననియు, ఆ ధనము నీ కార్యమునకే వినియోగింపవలెననియు నందు విధించిరి. మొదటి దినము 1967 మే 7న జరిగెను. అమెరికా సంయుక్తరాష్ట్రముల విచారణలలో ప్రసార కార్యములకై వసూలగు కానుకలో సగము ఆ మేత్రాసనముననే నిలుచును. తక్కిన సగము దేశవ్యాప్తములైన పనులకు బోవును. ఈ పంపకము మాకు నచ్చినది. ఇచ్చిన రూకలో గొంతయైన తన యూర గంటబడనిచో దాత రెండవమాఱు చేయి చాపడు. చెరువు మరమ్మతులకు జందాలు పోగుచేసిన గ్రామపెద్దలకు ఇది తెలియనిది కాదు.

అట్టి సొమ్ముతో బ్రతుకు రేడియో యేమి చేయగలదని యడుగువారిని మేము మనీలాకు దీసికొనిపోయెదము. ఫిలిప్పీను దేశమున మార్కోసు 1972లో సైనికశాసనము విధించి పత్రికలను మూయించెను. 1983 ఆగస్టు 21న ప్రతిపక్షనాయకుడు బెనిగ్నో అక్వినో మనీలా విమానాశ్రయమున హతుడు కాగా, ప్రభుత్వమునకు వెఱచిన పత్రికలు నీళ్లు నమలుచుండ, శ్రీసభవారి ‘రేడియో వెరీతాస్’ ఆ వార్తను, అంత్యయాత్రను దేశమునకు వినిపించెను. 1986 ఫిబ్రవరి 22వ తేదీ రాత్రి రక్షణమంత్రి ఎన్రిలేయు, సేనాని రామోసును మార్కోసును ధిక్కరించి సైనికశిబిరములలో జేరిరి. వారికి బాసటగా వీథులలోనికి రండని కార్డినల్ సిన్ ఈ రేడియో ద్వారమున ప్రజలను బిలిచెను. తెల్లవాఱుజామున సాయుధులు మలోలోసులోని ప్రసారయంత్రమును ధ్వంసము చేసిరి. స్వరము సన్నగిల్లెను గాని యాగలేదు. ఉన్న చిన్నయంత్రముతో గొంతసేపు, పిదప వేఱొక కేంద్రమునుండియు ప్రసారము సాగినది. నిరాయుధులైన జనులు, జపమాలలు చేతబట్టిన సన్యాసినులు యుద్ధశకటముల కెదురు నిలిచిరి. 25వ తేదీన మార్కోసు దేశము విడిచెను. ఆ సంవత్సరమే ఆ సంస్థకు మెగసెసె బహుమానము లభించెను. సత్యాగ్రహమును చూచిన మన దేశమునకు ఈ కథ పరాయిది కాదు.

ఐనను ఈ కథలో నొక వెలితి గలదు. 1969లో ప్రారంభమైన ఆ కేంద్రమును నిలిపిన ధనము మనీలా విచారణలది కాదు. అందు పెద్దభాగము పశ్చిమ జర్మనీ నుండి వచ్చినది. పరుల దానముతో గోపురము గట్టవచ్చును. దినదినము దీపమునకు నూనె పోయువాడు ఊరివాడే కావలెను. ఆ సంస్థయొక్క ఆసియా శాఖ అనేకభాషలలో, అందు మన తెలుగులోను, ప్రసంగములను బంపుచుండినది. ఆ హ్రస్వతరంగ ప్రసారములు 2018 జూన్ 30తో నిలిచిపోయెను. ఇపుడు అంతర్జాలమున సాగుచున్నవి. యువకులకు అది యనుకూలమే కావచ్చును; చేతిరేడియో చెవికి జేర్చుకొని విను పల్లెవృద్ధుని సంగతి యెవరు తలచిరి?

ధనికదేశములలో నీ చిక్కు లేదనుకొనుటయు భ్రమయే. అమెరికా పీఠాధిపతుల పక్షమున 1920లో స్థాపితమై శతాబ్దికి మించి నడచిన కతోలిక వార్తాసంస్థ యొకటి యుండెను. 2022 సంవత్సరాంతమున దాని స్వదేశ కార్యాలయములను మూసివేసిరి; రోములోని శాఖ మాత్రము మిగిలినది. మూయవలెనని నిర్ణయించినవారు పీఠాధిపతులు. ఆ వార్తలను జదివి బ్రతికిన చిన్న మేత్రాసన పత్రికలవారిని, వాని పాఠకులను ఎవరు సంప్రతించిరి? పళ్లెములో వేసిన చేతికి మాట లేనిచోట పళ్లెము తేలికపడుట వింతకాదు.

కావున కతోలిక సోదరులకు మేము చెప్పునది యొకటి, వారి పెద్దలకు జెప్పునది యొకటి. సోదరులారా, ఇండు. తెలుగు పీఠాధిపతుల పక్షమున సికిందరాబాదులో అమృతవాణి కేంద్రము ఈ పని చేయుచున్నది. అది పరదేశపు హుండీలవంక జూడవలసిన యగత్యము మీవలన దప్పవలెను. పీఠాధిపతులారా, పత్రికను మీ ప్రకటనల బాకాగా జేసికొని పాఠకుని చందా యడుగకుడు. దళిత కతోలికుడు తన విచారణలో, శ్మశానమున దాను పొందిన యవమానమును వ్రాసి పంపినపుడు దానిని అచ్చొత్తించు ధైర్యము సంపాదకునకు ఇండు. వచ్చిన రూక యెంత, ఊరిలో నిలిచినది యెంత, దేనికి ఖర్చైనది యను లెక్కను, మఱుసటియేడు పళ్లెము తిరుగుటకు ముందుగా, బలిపీఠము ప్రక్కనుండియే గురువు చదివి వినిపించునట్లు కట్టడి చేయుడు.