మాయాపురి బజారులో మారుపేరు టర్బో

పార్లమెంటు భవనానికి పదిహేను కిలోమీటర్ల లోపునే, పశ్చిమ ఢిల్లీలో, మాయాపురి అనే తుక్కు బజారు ఉన్నది. ఆయుర్దాయం తీరిన కారు ఒకటి అక్కడికి చేరితే దాని తలుపులు ఒక దుకాణానికి, ఇంజను ఒక దుకాణానికి, గేరుపెట్టె మరొక దుకాణానికి పోతాయి. విజయవాడ ఆటోనగర్‌ను ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ దృశ్యం వింత కాదు. అయితే కొన్నేళ్లుగా ఇటువంటి బజార్లలో విశేషంగా గిరాకీ ఉన్న వస్తువు ఒకటున్నది. అది టర్బోచార్జరు. పిడికిళ్లు రెండు కలిపినంత ఉండే ఈ చిన్న యంత్రం చుట్టూ మన చట్టాల తీరు, వ్యాపారాల తీరు, పనివాని నేర్పు అన్నీ అల్లుకొని ఉన్నాయి.

స్విట్జర్లండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బూషి అనే ఇంజనీరు 1905లో దీనికి పేటెంటు పొందాడు. సూత్రం సులభమే. పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి వాయువులు ఒక చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసు రెండవ కొననున్న మరొక చక్రం బయటి గాలిని ఒత్తిపెట్టి ఇంజనులోకి నెట్టుతుంది. గాలి పెరిగితే మండే ఇంధనమూ, బలమూ పెరుగుతాయి. కారు టర్బోలో ఆ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. అంత వేగంలో దానిని కాపాడేది పలుచని నూనె పొర మాత్రమే.

మన దేశంలో ఈ పాత టర్బోల బజారు పెరగడానికి ముఖ్యకారణాలలో ఒకటి ఫియట్ రూపొందించిన 1,248 సి.సి. డీసెలు ఇంజను. 2007లో మారుతి స్విఫ్టులో వచ్చిన ఈ ఇంజనును తరువాత టాటా, ఫియట్ కార్లు కూడా ధరించాయి. మోటారు పత్రికలు దీనికి ‘జాతీయ ఇంజను’ అని ముద్దుపేరు పెట్టాయి. 2020లో బి.ఎస్.-6 నిబంధనలు రావడంతో మారుతి డీసెలు కార్లకు స్వస్తి చెప్పింది. కార్లు మాత్రం రోడ్లమీద మిగిలాయి. ఈ ఇంజను రెండు రూపాలలో వచ్చింది. 75 అశ్వశక్తుల దానికి సాధారణ టర్బో, 90 అశ్వశక్తుల దానికి రెక్కల కోణం మారే టర్బో. మొదటి కారు యజమాని రెండవ దాని టర్బో కోసం బజారుకు రావడం సహజమే. కాని ఆ రెక్కలను ఎప్పుడు, ఎంత కదపవలెనో చెప్పే కంప్యూటరు మొదటి కారులో లేదు. వస్తువు బిగించినంత మాత్రాన బలం రాదు.

అసలు చిక్కు గుర్తింపులో ఉన్నది. టర్బోమీద తయారీదారు పేరు, నమూనా సంఖ్య చెక్కిన చిన్న రేకు ఉంటుంది. మార్పు చేసిన టర్బోకు ఈ రేకు సాక్ష్యం చెల్లదు. పాత గుల్లను లోపల చెక్కి, పెద్ద చక్రం కూర్చినప్పుడు రేకుమీది పేరు పాతదే, లోపలి వస్తువు వేరు. కనుక తెలిసిన మేస్త్రీ రేకును నమ్మడు, కొలతను నమ్ముతాడు. గాలి చక్రం ముఖం వ్యాసాన్ని, అడుగు వ్యాసాన్ని వెర్నియరుతో కొలుస్తాడు. ముఖం 36 మిల్లీమీటర్లు, అడుగు 48 మిల్లీమీటర్లు అయితే మొదటి దానిని రెండవ దానితో భాగించి, వర్గం చేసి, నూరుతో గుణిస్తే 56 వస్తుంది. దీనినే ట్రిమ్ అంటారు. నమూనా సంఖ్యకు కంపెనీ ప్రకటించిన ట్రిమ్‌తో ఇది సరిపడకపోతే, లేదా గుల్ల లోపల కొత్తగా చెక్కిన మెరుపు కనిపిస్తే, ఎవరో చేయి చేసుకున్నారన్న మాట.

తరువాత ఆరోగ్య పరీక్ష. ఇరుసును పక్కలకు కదిపితే కొద్దిపాటి ఆట ఉండడం తప్పు కాదు. బుష్ బేరింగులో నూనె నిండవలసిన సందు అది. రెక్కలు గుల్లకు తగిలినా, ముందుకు వెనుకకు లాగినప్పుడు ఆట చేతికి స్పష్టంగా తెలిసినా ఆ వస్తువును వదులుకోవలసిందే. రెక్కల అంచులు చిట్లాయా, వేడి గుల్లకు బీటలున్నాయా అన్నదీ చూడాలి.

బిగించేటప్పుడు పొదుపు పనికిరాదు. నూనె వచ్చే గొట్టం, ప్యాకింగులు కొత్తవి వేయాలి. పాత గొట్టంలో పేరుకున్న మడ్డే చాలా టర్బోలకు మృత్యుకారణం. నూనె తిరిగిపోయే గొట్టం ఎక్కడా పైకెక్కక కిందికే వాలి ఉండాలి. ముందుగా టర్బోలో నూనె పోసి, ఇంధనం అందకుండా ఇంజనును తిప్పి, నూనె ఒత్తిడి వచ్చిన తరువాతనే స్టార్టు చేయాలి. పెద్ద టర్బోకు తగినట్లు ఇంధనపు లెక్క మార్చకపోతే డీసెలు బండి నల్లపొగ కక్కవచ్చు, పెట్రోలు బండి ఇంజను దడదడలాడి పిస్టనే పగలవచ్చు.

ఇక చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు రిజిస్ట్రేషను పత్రం భిన్నమయ్యేటట్లు యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. అదే సంవత్సరపు సవరణ చట్టం అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి రూ. 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు ఖైదు, లేదా రెండూ విధించవచ్చునన్నది. చెడిన టర్బో స్థానంలో అదే నమూనా పాతది వేయడం మరమ్మతు. పెద్దది వేయడం మార్పు. రేకు అబద్ధమాడినప్పుడు, మరమ్మతు చేయించుకున్నానని నమ్మిన సామాన్యుడు తెలియకుండానే చట్టం గీత దాటుతున్నాడు.

అయితే సామాన్యుడు పాత బజారుకు ఎందుకు పోతున్నాడన్న ప్రశ్నకూ ఢిల్లీ సమాధానం చెప్పవలసి ఉన్నది. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్కులకు అందనీయకుండా బిగపట్టారని 2014 ఆగస్టులో పోటీ కమిషను 14 కార్ల కంపెనీలకు దాదాపు రూ. 2,544 కోట్ల జరిమానా విధించింది. వ్యవహారం అప్పీళ్లకు పోయింది. 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’పై ఒక సంఘాన్ని నియమించి, అందులో మోటారు రంగాన్నీ చేర్చింది. మరొక వంక, రాజధాని ప్రాంతంలో పదేళ్ల డీసెలు, పదిహేనేళ్ల పెట్రోలు బండ్లపై 2015లో హరిత ట్రిబ్యునల్ ప్రకటించిన ఆంక్షలను 2018లో సుప్రీంకోర్టు బలపరచింది. తరువాత వాటిలో మార్పులు వచ్చినా, ఆ ఆంక్షల ఒత్తిడి బండ్లను తుక్కు బజారువైపు నెట్టింది. ఒక చేత్తో సరుకును పెంచి, మరొక చేత్తో దాని వాడకాన్ని అనుమానించడం విధానమనిపించుకోదు.

గుర్తింపు లేని పాతసామాను ఎంత ప్రమాదమో మాయాపురికి వేరుగా చెప్పనక్కరలేదు. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మిన పాత పరిశోధన పరికరం ఇదే బజారులో ముక్కలైంది. అందులోని కోబాల్టు-60 ధార్మికతకు ఒకరు మరణించగా పలువురు ఆసుపత్రి పాలయ్యారు. విప్పిన పనివారికి తామేమి విప్పుతున్నారో చెప్పినవారు లేరు. టర్బో అంత ఘోరం చేయదు, నిజమే. కాని నీతి ఒక్కటే. బండి ముక్కలైనప్పుడు ప్రతి ముఖ్య భాగానికీ అది ఏ నమూనా బండిలోనిది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, దానిలో ఏమి మార్చారు అన్న చీటీ వెంట రావాలి. 2021లో ప్రభుత్వం తుక్కు కేంద్రాల రిజిస్ట్రేషనుకు నిబంధనలు చేసింది. ఆ యంత్రాంగం చేతనే ఈ పని కూడా చేయించవచ్చు. కొనేవానికి నిజం తెలుస్తుంది, నిజాయితీగల మేస్త్రీకి గౌరవం దక్కుతుంది. అంతవరకు మాయాపురిలో సామాన్యుని పక్షాన నిలిచేది మేస్త్రీ చేతిలోని వెర్నియరు ఒక్కటే.