దండెములు లేని ఊరు

ఇంగ్లండు దేశమున యార్కుషైరు సీమయందు ఏర్ నది యొడ్డున సాల్టేర్ అను చిన్న యూరొకటి గలదు. ఆ పేరులో సగము దానిని కట్టించిన మిల్లు యజమాని టైటస్ సాల్ట్‌ది, తక్కిన సగము నదిది. తేనెరంగు రాతితో వరుసలు తీర్చిన ఆ యిండ్లను చూచువారికి సులభముగా తోచని విశేష మొకటున్నది: కట్టించిననాడు ఆ వీధులలో తడిబట్ట లారవేయు దండెము కట్టరాదని యజమాని శాసనము.

1803లో పుట్టిన సాల్ట్ తండ్రివలెనే ఉన్ని వ్యాపారియై, 1836లో లివర్‌పూల్ రేవున ఒక గిడ్డంగిలో కొనువారు లేక పడియున్న ఆల్పాకా ఉన్ని మూటలను చూచెను. పెరూ కొండలలో ఒంటెజాతి జంతువు మేనినుండి తీసిన ఆ పొడుగాటి ఉన్నిని తక్కిన వ్యాపారులు పనికిమాలినదని త్రోసివేయగా, ఆతడు దానిని నూలు పడుగుతో కలిపి నేయించి, పట్టువలె నిగనిగలాడు బట్టగా మార్చి, అపారమైన ధనము గడించెను.

ధన మార్జించిన బ్రాడ్‌ఫర్డు పట్టణ మన్ననో, పొగగొట్టముల క్రింద నల్లబడి, మురుగు కాలువల కంపులో మునిగి, 1849లో కలరాకు వందలకొలది ప్రజలను బలియిచ్చెను. అప్పుడాతడే ఆ పట్టణమునకు మేయరు. తన మిల్లులలో పొగ తగ్గించు సాధనములు పెట్టి చూపినను తోడి యజమానులు చెవిని బెట్టకపోగా, ఊరిని బాగుచేయుటకంటె కొత్త యూరు కట్టుటయే మేలని నిశ్చయించెను కాబోలు.

1853 సెప్టెంబరు 20వ తేదీన, తన యేబదవ పుట్టినరోజున, కాలువకును రైలుదారికిని నడుమ మిల్లు తెరచెను. దాని పొడవు 545 అడుగులు. చప్పుడు తగ్గుటకై యంత్రములను త్రిప్పు ఇరుసులను నేలక్రింద అమర్చిరి. ఇండ్లు లేచువరకు పనివారు బ్రాడ్‌ఫర్డునుండి రైలులో వచ్చి పోవుచుండిరి. పిమ్మట క్రమముగా ఎనిమిదివందలకు పైగా ఇండ్లును, ఇంటింటికి నీళ్లును, గ్యాసు దీపమును, పెరటిలో వేరుగా మరుగుదొడ్డియు, దేవాలయమును, వైద్యశాలయు, బడియు, వృద్ధులకు ఉచిత గృహములును, 1871 నాటికి గ్రంథాలయముగల విద్యామందిరమును, ఉద్యానమును ఏర్పడెను. వీధులకు భార్య కారొలైన్ పేరును, బిడ్డల పేర్లును పెట్టెను.

ఇక దండెముల మాట. వీధికడ్డముగా వ్రేలాడు తడిగుడ్డలు ఆయన కంటికి గిట్టవు. అందుచేత ఆవిరియంత్రములతో ఉదుకుటకు, పిండుటకు, వేడిగాలితో ఆరబెట్టుటకు ఒక చాకిరేవు మందిరమునే కట్టించెను. యంత్రము చక్కనిదే, కాని ఇంటి మాసిన గుడ్డల మూటను ఊరందరి కన్నులయెదుట మోసికొనిపోవుట ఏ ఇల్లాలికి రుచించును? అది యెన్నడును జనాదరణము పొందలేదు. కాలక్రమమున దానినే ఇండ్లుగా మార్చిరి.

ఈ చిన్న సంగతిలో ఆ పెద్దమనిషి యంతయు కానవచ్చుచున్నాడని నా తలపు. ఆయన దయ కల్లగాదు. అయితే అది అడిగి పెట్టిన అన్నము కాదు, తానే వడ్డించి తినుమన్న విస్తరి. ఊరిలో నాడు సారాయి దుకాణము లేదు. కార్మిక సంఘములన్న ఆయనకు పడదు. పసివాండ్రు సగము దినము బడిలోను, సగము దినము మరమగ్గముల నడుమను గడపుచుండిరి. కూలి, ఇల్లు, బడి, గుడి ఒక్క చేతియందే యుండగా, ఆ చేతితో తగవు వచ్చినవాడు మూటాముల్లె సర్దుకొని యెక్కడికి పోవలెను? ఐనను బ్రాడ్‌ఫర్డు నేలమాళిగలలో పిల్లలను పోగొట్టుకొన్న తల్లి ఈ ప్రశ్న వేసియుండదు. నేనును ఆమె యెదుట నిలిచి వేయజాలను.

1876 డిసెంబరులో ఆయన మరణింపగా, శవయాత్రను చూచుటకు దారిపొడవున లక్షమంది నిలిచిరని చెప్పుదురు. మిల్లు చేతులు మారి, 1986లో మూతపడెను. మరుసటి యేడు జొనాథన్ సిల్వర్ దానిని కొని, బ్రాడ్‌ఫర్డు బిడ్డయైన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ చిత్రములతో అందులో చిత్రశాలను నెలకొల్పెను. 2001లో యునెస్కో ఆ గ్రామమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. ఆ తరువాతి కాలమున, ఒకనాడు మద్యము చొరనియ్యని ఆ యూరి పెద్దవీధిలోనే, ఒక పానశాల వెలసెను. యజమానులు దానికి పెట్టిన పేరు: ‘టైటస్‌తో చెప్పకండి’.