బస్తీబడి బాలుని చదువు

హైదరాబాదు బస్తీలోని సర్కారు బడిలో ఒక బాలుడు లెక్కలలో వెనుకబడినచో, ఆ లోపమును వాని బుద్ధికి గాని ఉపాధ్యాయుని శ్రద్ధకు గాని అంటగట్టుటకు పూర్వము, వాడు రాత్రి ఎచట నిద్రించెనో, ఉదయము ఏమి తినెనో విచారింపవలెను. 1966లో అమెరికాలో జేమ్స్ కోల్మన్ బృందము వెలువరించిన నివేదిక, బడి వసతులకంటె కుటుంబ పరిస్థితియే విద్యార్థి ఫలితములను అధికముగ శాసించుచున్నదని చెప్పెను; అంతమాత్రమున బడి చేయగలది స్వల్పమని తలచుట పొరపాటని నా దృఢాభిప్రాయము.

పాలమూరునుండి కూలికై వచ్చిన తల్లిదండ్రులు ఒక కట్టడము ముగియగనే మరియొక పేటకు తరలిపోవుచుండగా, ఏడాది నడుమ బడి మారిన పిల్లవానికి భిన్నములు సగమే తెలిసి, దశాంశములు అగమ్యగోచరములగును. ఇంట ఉర్దూయో లంబాడీయో పలుకు పసివానికి పుస్తకపు తెలుగే కొత్త, దానిపై ఆంగ్లము మరియొక గోడ. తల్లి పనికి పోయిన దినమున తమ్ముని చూచుకొనుటకు ఇంట నిలిచిపోవు బాలిక సంగతి హాజరుపట్టీలో ఒక చిన్న గుర్తు మాత్రమే!

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశింపగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2003లో ఆరంభమైన మధ్యాహ్న భోజనము ఆకలి కొంత తీర్చినది. ప్రాథమిక తరగతులలో 30 మందికొక ఉపాధ్యాయుడుండవలెనని 2009 విద్యాహక్కు చట్టము విధించినది. ఆ నిష్పత్తి నిజముగ నిలిచిన తరగతిలో, మధ్యలో వచ్చి చేరిన బాలుని ప్రక్కన కూర్చుండి విడిచిపోయిన భిన్నములను మరల నేర్పుటకు పంతులుగారికి తీరిక చిక్కును.