చిగుళ్లకు అర జామకాయ చాలు, కానీ...

పళ్లు తోముకుని ఉమ్మినప్పుడు నురగలో ఎర్రటి చార కనిపిస్తే చాలామంది ఆ వైపు తోమడమే మానేస్తారు. దాంతో అక్కడ పాచి ఇంకా పేరుకుంటుంది. చిగురు వాయడానికి ముఖ్య కారణం ఆ పాచే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం 100 కోట్ల మందికి పైగా తీవ్రమైన చిగుళ్ల జబ్బుతో ఉన్నారు. మనం తినే తిండి, తాగే పానీయం ఈ లెక్కలో ఎక్కడ నిలుస్తాయి?

80 మిల్లీగ్రాములు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల్లో పెద్దవాళ్లకు రోజుకు కావలసిన విటమిన్ సి ఇది: మగవాళ్లకు 80, ఆడవాళ్లకు 65. చిగురును గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్ తయారవ్వాలంటే ఈ విటమిన్ ఉండాల్సిందే. 1747లో ఓడ వైద్యుడు జేమ్స్ లిండ్ విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బున్న 12 మంది రోగులకు రకరకాల చికిత్సలు చేశాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరూ అందరికన్నా త్వరగా కోలుకున్నారు. చిగుళ్లు ఉబ్బి రక్తం కారడం ఆ జబ్బు లక్షణాల్లో ఒకటి.

100 గ్రాముల జామకాయలో విటమిన్ సి 200 మి.గ్రా. పైనే ఉంటుంది. అంటే అర కాయ చాలు. ఈ విటమిన్ వేడికి తగ్గిపోతుంది కాబట్టి పచ్చిగా తింటేనే ఎక్కువ లాభం.

6 చెంచాలు

రోజు మొత్తానికి అదనపు చక్కెర 25 గ్రాముల లోపు, అంటే సుమారు 6 చెంచాలకు మించకపోతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. రెండేసి చెంచాల చొప్పున నాలుగు చాయ్‌లు తాగితే 8 అయ్యాయి. 300 మి.లీ. కూల్‌డ్రింక్ ఒక్కటే దాదాపు అంత. పాచిలోని సూక్ష్మజీవులకు ఆ చక్కెరే మేత. చాయ్ మానక్కర్లేదు, చక్కెర తగ్గించండి. మధ్యాహ్నం చాయ్ బదులు చక్కెర వేయని మజ్జిగ తాగినా మేలే.

30 నిమిషాలు

నిమ్మరసం, కూల్‌డ్రింక్ పుల్లనివి. తాగగానే పంటి పైపొర కాస్త మెత్తబడుతుంది. నీళ్లతో పుక్కిలించి, అరగంట ఆగాకే తోమాలి.

సున్నా

పాచి గట్టిపడి ఏర్పడిన గారను కరిగించే పానీయం ఒక్కటీ లేదు. దాన్ని డాక్టరు పరికరంతో తీయాల్సిందే. రెండు పూటలా మెత్తటి బ్రష్‌తో తోమినా రెండు వారాల్లో రక్తం ఆగకపోతే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్ల జబ్బు ముప్పు ఎక్కువ. వాళ్లు రెండు వారాలు కూడా ఆగొద్దు.