వంకర కాని ‘రై’ నవ్వు

ఇంగ్లిష్ పత్రికల్లో పుస్తక సమీక్షలు చదివేవారికి ‘రై హ్యూమర్’, ‘రై స్మైల్’ అనే ప్రయోగాలు తరచుగా తగులుతుంటాయి. ఈ ‘రై’కి ఇంగ్లిష్‌లో మూడే అక్షరాలు. మొదటి అక్షరం డబ్ల్యూ రాతకే పరిమితం, పలకదు. నిఘంటువు తెరిస్తే ‘వంకర’ అని కనిపిస్తుంది. అలాగని ‘వంకర నవ్వు’ అని అనువదిస్తే అర్థం చెడిపోతుంది. మనకు వంకరగా నవ్వేవాడు సినిమాలో విలన్!

మెలి తిరగడం, పక్కకు ఒరగడం అనే అర్థమున్న పాత ఇంగ్లిష్ క్రియ నుంచి ఈ మాట వచ్చింది. మెడ పట్టేసి తల ఒక పక్కకు తిరిగిపోతే ‘రై నెక్’ అంటారు. అనుకున్న పని పక్కదారి పడితే ‘అరై’ అయిందంటారు. అందులో ఉన్నదీ ఈ ‘రై’యే. పెదవి ఒక చివర మాత్రమే కాస్త కదిలితే అది ‘రై స్మైల్’. పరిస్థితి బాగాలేదని తెలుసు, మన చేతిలో పెద్దగా ఏమీ లేదనీ తెలుసు, అయినా గొడవ పడటం ఇష్టం లేదు. అప్పుడు వచ్చే నవ్వు అది.

దీన్ని ‘సర్కాజం’తో కలపకూడదు. ఆ మాటకు మూలమైన గ్రీకు క్రియకు మాంసం చీల్చడం అని అర్థం. అది ఎదుటివాడికి తగలాలనే అంటాం. ‘డెడ్‌పాన్’ వేరు, అది ముఖానికి సంబంధించింది. అమెరికన్ వాడుకలో ‘పాన్’ అంటే ముఖం. మూకీ చిత్రాల్లో బస్టర్ కీటన్ ముఖంలో ఏ భావమూ లేకుండా జనాన్ని నవ్వించాడు. ‘రై’ హాస్యంలో చెప్పేవాడు తనను కూడా కలుపుకుంటాడు. తెలుగులో దీనికి నమూనా కావాలంటే నేను ముళ్లపూడి వెంకటరమణ గారి ‘ఋణానందలహరి’ చూపిస్తాను. అప్పుల అప్పారావును చూసి కోపం రాదు. అప్పులిచ్చే ఉద్యోగంలో ఉండి ఈ మాట అనడం కాస్త సాహసమే అనుకోండి.

నేను చదివిన మేనేజ్‌మెంట్ పాఠాల్లో కస్టమర్ ఫిర్యాదుల గురించి చాలా ఉంది గానీ, ఈ నవ్వు గురించి లేదు. నిజానికి మర్యాదస్తుల ఫిర్యాదు చాలాసార్లు ఈ రూపంలోనే వస్తుంది. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం వచ్చిన ఒక పెద్దాయన వేలిముద్ర మూడోసారి కూడా పడలేదు. “మిషన్ ఒప్పుకోవడం లేదు గానీ, నేనైతే బతికే ఉన్నానండీ” అన్నారాయన. క్యూలో అందరూ నవ్వారు, కౌంటర్లో అమ్మాయి కూడా. ఆయన కేకలు వేసి ఉంటే అది ఫిర్యాదుల రిజిస్టరుకు ఎక్కేది. నవ్వుతూ అన్నారు కాబట్టి ఎక్కడా ఎక్కలేదు. ఆ మాట వెనక ఉన్నది పెన్షన్ ఆగిపోతుందేమోనన్న భయం.

వయసుతో వేలిగీతలు అరిగిపోతాయి. అందుకే జీవన్ ప్రమాణ్‌లో 2021 నుంచి ముఖాన్ని బట్టి గుర్తించే పద్ధతి కూడా వచ్చింది. అదీ కుదరకపోతే కాగితం మీద సర్టిఫికెట్ తీసుకునే వీలు ఎలాగూ ఉంది. ఆయనను కూర్చోబెట్టి ఫోన్‌లో ముఖం చూపించమన్నాం. క్షణంలో పని అయిపోయింది.

“అయితే సార్, ఇంకో ఏడాదికి శాంక్షన్ అయినట్టేనా?” అని అడిగారాయన. పెదవి చివర మాత్రమే కదిలింది.